ఆకలి వేయని ఒంటికి ఉపవాసం: మూడు నెలల ఫాస్టింగ్ ప్యాకేజీ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, ఐదుకి రెండు. ఒకటి యాప్‌లో నీళ్ళు తాగమని మోగే గంటకి, ఇంకోటి రాత్రి తొమ్మిది దాటాక టీవీ ముందు కూర్చుని ఏదో ఒకటి నోట్లో వేసుకునే నా అలవాటు మాన్పించినందుకు. పేరు రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీలు ఇప్పుడు చాలా ఉన్నాయి, నేను వివరాలు కనుక్కున్న రెండు మూడింటి పద్ధతీ ఇంచుమించు ఒకటే, పైగా నాకు ఒక కంపెనీని తిట్టాలని లేదు. బరువు తగ్గే ఇంజెక్షన్ తీసుకుంటూ దానికి తోడు ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ (రోజులో కొన్ని గంటల్లోనే తిని మిగతా గంటలు పస్తుండటం) కూడా చేద్దాం, ఇంకా త్వరగా తగ్గుతాం అనుకునేవాళ్ళు మా కాలేజీలోనే నలుగురు కనిపించారు, వాళ్ళకి విడివిడిగా చెప్పీ చెప్పీ చివరికి ఇక్కడ రాస్తున్నాను.

నా వయసు 47. విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఎనిమిదేళ్ళుగా షుగరు, ఐదేళ్ళుగా బీపీ. 2025 ఆగస్టులో తూచుకుంటే 86 కిలోలు, ఎత్తు చూస్తే ఐదడుగుల ఒక అంగుళం. సెప్టెంబరు మొదటి వారంలో మా షుగర్ డాక్టరు గారు టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మౌంజారో అనే పేరుతో అది 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది, మొదట చిన్న సీసాల్లో, ఆగస్టు నుంచి పెన్ను రూపంలో. నాది పెన్ను. ఒక పెన్నులో నాలుగు డోసులు, అంటే నెలకి ఒకటి, చిన్న డోసుది వచ్చిన కొత్తలో 14,000 రూపాయలు. నాలుగు వారాలు 2.5 మిల్లీగ్రాములు, తర్వాత 5. ఆదివారం పొద్దున్నే పొట్ట మీద వేసుకుంటాను, సూది పొడిచినట్టు కూడా తెలియదు.

మందు గురించి నాకు ఫిర్యాదు లేదు. ఇది ఎలా పనిచేస్తుందో మాత్రం ఉపవాసం చేసేవాళ్ళు బుర్రలో పెట్టుకోవాలి. మన పేగుల్లో తిన్న తర్వాత పుట్టే రెండు హార్మోన్ల పని అది చేస్తుంది, మెదడుకి ‘చాలు, నిండింది’ అని చెబుతుంది, పొట్టలోంచి తిండి కిందకి జారడాన్ని నెమ్మది చేస్తుంది, ముఖ్యంగా మొదలుపెట్టిన రోజుల్లో. సెమాగ్లూటైడ్ కూడా ఇలాంటిదే, కాకపోతే ఒక హార్మోను పనే చేస్తుంది. మన దేశంలో దాని పేటెంటు గడువు 2026 మార్చితో తీరింది, అంటే వేరే కంపెనీలూ తయారుచేయొచ్చు, కాబట్టి ఇంక చాలామంది చేతికి వస్తుంది, అందుకే ఈ రివ్యూ ఇప్పుడే రాయాలనిపించింది.

సెప్టెంబరు నెలాఖరుకి మూడు కిలోలు తగ్గాను. అంతకుముందు పదేళ్ళలో ఎప్పుడూ అలా తగ్గింది లేదు. ఆ ఉత్సాహంలో ఫోన్‌లో కనిపించిన ప్రకటన చూసి మూడు నెలల ప్యాకేజీకి 6,999 కట్టేశాను. యాప్, ఒక కోచ్, వారానికోసారి వీడియో కాల్, వాట్సాప్ గ్రూపు. చేరేటప్పుడు ఒక ఫారం నింపమన్నారు. బరువు, ఎత్తు, ఎన్ని కిలోలు తగ్గాలి, వెజ్జా నాన్‌వెజ్జా, ఎన్నింటికి లేస్తారు. ‘షుగర్ ఉందా’ అనే గడి దగ్గర ఉంది అని నొక్కాను, ‘బరువు తగ్గే మందు వాడుతున్నారా’ అన్నదానికి అవును అని నొక్కాను. అంతే. ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఎంత డోసు, ఏ పూట అని రాయడానికి ఆ ఫారంలో చోటే లేదు. నేనూ మా డాక్టరు గారికి ఫోన్ చేసి ఉపవాసం మొదలుపెడుతున్నానని చెప్పలేదు. కార్తీక సోమవారాలు, ఏకాదశులు చిన్నప్పటి నుంచీ ఉన్నవే కదా, దీనికి డాక్టర్ని అడిగేదేముంది అనుకున్నాను. ఆ తప్పు నాదే.

మొదటి పది రోజులు 14:10 పెట్టారు, అంటే పద్నాలుగు గంటలు తినకుండా, పది గంటల లోపల తినడం. హాయిగా ఉంది. రాత్రి ఎనిమిదికి ముగించి పొద్దున పదికి తినడం, నాకు బ్రేక్ కూడా ఆ టైముకే. తర్వాత 16:8 అన్నారు. రెండో వీడియో కాల్‌లో కోచ్ అమ్మాయి, ‘ఆకలి వేస్తోందా మేడం?’ అని అడిగింది. లేదమ్మా, అసలు తిండి గుర్తే రావడం లేదు అన్నాను. ‘అయితే మీ బాడీ రెడీగా ఉంది మేడం, 18:6కి వెళ్దాం’ అంది.

ఆ అమ్మాయి మంచిదే, నేర్పినట్టు చెప్పింది. కానీ నా ఆరు నెలల అనుభవంలో నేను తెలుసుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. మామూలు మనిషికి ఆకలి వేయలేదంటే ఒళ్ళు అలవాటు పడిందనుకోవచ్చేమో. ఈ మందు మీద ఉన్న మనిషికి ఆకలి వేయలేదంటే మందు పనిచేస్తోందని అర్థం, అంతకు మించి ఏమీ కాదు. లోపల తిండి సరిపోయిందో లేదో, నీళ్ళు ఉన్నాయో లేదో, షుగరు పడిపోతోందో ఏమో ఆ ఆకలి చెప్పదు, ఎందుకంటే దాని నోరు మనమే ఇంజెక్షన్‌తో మూయించాం. నేను చూసిన ఫాస్టింగ్ ప్లాన్‌లు ఆకలిని చూసి గంటలు పెంచుతాయి. ఆకలే లేనివాళ్ళకి ఎక్కడ ఆపాలో ఆ ప్లాన్‌కి తెలియదు.

నవంబరు 3, కార్తీకంలో రెండో సోమవారం. 18:6 కాబట్టి ముందురోజు సాయంత్రం ఆరున్నరకి తిన్నాను, అదీ ఒక చపాతీ. ఆదివారమే 5 మిల్లీగ్రాముల డోసు పడింది. సోమవారం పొద్దున తలస్నానం, దీపం, గుడి, ఒక గ్లాసు నీళ్ళతో ఎప్పటిలాగే షుగర్ మాత్ర, కాలేజీ. పదకొండున్నర పీరియడ్‌లో బోర్డు మీద ఆకు అడ్డుకోత గీస్తున్నాను. పై పొర కింద నిలువుగా కణాలు వరుసగా గీయాలి, నిలువు గీతలే, ముప్ఫై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని గీసేవి. గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. సరిగ్గా గీద్దామని చెరిపాను, మళ్ళీ అలాగే వచ్చాయి. చాక్‌పీసు చేతిలోంచి జారింది, వంగి తీద్దామంటే వేళ్ళు వణుకుతున్నాయి, ఫ్యాన్ కిందే ఉన్నా జాకెట్టు వీపంతా తడిసిపోయింది. ముందు బెంచీలో అమ్మాయి ‘మేడం, కూర్చోండి’ అని గట్టిగా అనడం వినిపించింది గానీ, అది నన్నే అంటోందని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

స్టాఫ్ రూములో ఫిజిక్స్ సార్ దగ్గర గ్లూకోమీటర్ ఉంటుంది, ఆయనా షుగర్ పేషెంటే. చూస్తే 58. డెబ్బై లోపు ఉంటేనే తక్కువ కింద లెక్క. ఆయా గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించింది. పావుగంట ఆగి మళ్ళీ చూశారు, 81. తర్వాత రెండు ఇడ్లీలు తినిపించి మా ఆయనకి ఫోన్ చేశారు. ఇక్కడ ఒక మాట, అలాంటప్పుడు లడ్డూ, చాక్లెట్టు పెట్టకండి, వాటిలో ఉండే కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఎక్కడం ఆలస్యమవుతుంది. చక్కెర నీళ్ళు, గ్లూకోజు, పళ్ళరసం, ఇవే. సుమారు పదిహేను గ్రాములు, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్ష. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

గ్రూపులో ఈ సంగతి రాస్తే వచ్చిన జవాబు: ‘ఇది అడాప్టేషన్ ఫేజ్ మేడం, కొంచెం పింక్ సాల్ట్ నాలుక మీద వేసుకోండి.’ అంటే ఒళ్ళు అలవాటు పడుతున్న దశట.

మర్నాడు డాక్టరు గారి దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ‘గ్లిమెపిరైడ్ వేసుకున్నారా అమ్మా?’ అసలు దోషి ఆ షుగర్ మాత్రే. ఇంజెక్షన్ మొదలుపెట్టినప్పుడే ఆయన దాన్ని రెండు నుంచి ఒక మిల్లీగ్రాముకి తగ్గించి, టిఫిన్‌తో పాటే వేసుకోమన్నారు. నేను టిఫిన్ తీసేసి మాత్ర మాత్రం ఉంచాను. టిర్జెపటైడ్ షుగరు ఎక్కువగా ఉన్నప్పుడే ఇన్సులిన్‌ని ఊరేలా చేస్తుంది, కాబట్టి అది ఒక్కటే అయితే షుగరు పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, మీరు తిన్నారా లేదా అని చూడదు, క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెస్తుంది. గ్లిక్లజైడ్ కూడా అదే జాతి. మన దగ్గర షుగర్ ఉన్నవాళ్ళలో బోలెడుమంది మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా ఇది వేసుకుంటుంటారు, కాబట్టి మాత్ర పేరు కాదు, స్ట్రిప్ వెనక చిన్నక్షరాల్లో ఏముందో చదవాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. డోసు డాక్టరు మార్చకుండా ఒక్కపూట కూడా మానకూడదు, తిండీ మానకూడదు, మాత్రా సొంతంగా మానకూడదు.

ఇంకో రకం మాత్రలున్నాయి, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని, ఒంట్లో చక్కెరని మూత్రంలోంచి పంపించేవి. వీటితో గంటలకొద్దీ తినకుండా ఉంటే, పైన వాంతులు కూడా తోడైతే, రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగవచ్చు. అప్పుడు షుగర్ రీడింగు పెద్ద ఎక్కువగా కనబడకపోవచ్చు కూడా. వికారం, వాంతి, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. ‘ఇంజెక్షన్ వేసుకున్నా కదా, వికారం మామూలే’ అని పడుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. ఈ విషయం విన్నప్పుడు నాకు నిజంగా భయం వేసింది, ఎందుకంటే మా గ్రూపులో ఒకావిడ ఈ మాత్ర వేసుకుంటూనే 36 గంటల ఉపవాసం చేశానని గొప్పగా రాసింది, అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆవిడకి విడిగా మెసేజ్ పెట్టాను, డాక్టర్ని అడిగాకే మళ్ళీ చెయ్యండి అక్కా అని.

బీపీ మాత్ర సంగతి కూడా చెప్పాలి. బరువు తగ్గితే బీపీ తగ్గుతుంది, నీళ్ళు తగ్గినా తగ్గుతుంది, మాత్ర మాత్రం పాత డోసులోనే ఉంటుంది. పొద్దున మంచం దిగగానే కళ్ళు తిరగడం అందుకే. నాది డిసెంబరులో సగం చేశారు. థైరాయిడ్ మాత్రకి ఇబ్బంది లేదు, అది ఎలాగూ పరగడుపునే. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడపిల్లలు మాత్రం వినాలి, టిర్జెపటైడ్ మొదలుపెట్టిన నాలుగు వారాలూ, డోసు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలూ ఆ మాత్రల మీదే ఆధారపడకూడదు, వేరే జాగ్రత్త కూడా ఉండాలి.

మందుల పేర్లు అడగకపోవడం ఆ ప్యాకేజీలో ఒక లోటు. ఇప్పుడు రెండోది, నాకు దానికన్నా ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. నేనున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఎంత తిన్నారు అని అడగలేదు. ఎప్పుడు తిన్నారు, ఇదొక్కటే. యాప్‌లో గంటలు పచ్చగా వెలిగితే శభాష్.

డాక్టరు గారు నన్ను వాళ్ళ క్లినిక్‌లోనే వారానికి రెండు రోజులు కూర్చునే డైటీషియన్ దగ్గరికి పంపారు. ఒకసారికి 600. ఆవిడ ముందురోజు తిన్నది గుర్తుచేసుకుని చెప్పమంది. మధ్యాహ్నం ఒంటిగంటకి రెండు ఇడ్లీలు, నాలుగింటికి టీ, రెండు బిస్కెట్లు, సాయంత్రం ఆరున్నరకి ఒక చపాతీ, వంకాయ కూర. కాగితం మీద లెక్కేసి చూపించింది. రోజంతా కలిపి 500 కాలరీలు దాటలేదు, ప్రొటీను 15 గ్రాములు కూడా లేదు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కిలో బరువుకి 0.83 గ్రాములు, అదీ మామూలు ఆరోగ్యంతో ఉన్న మనిషికి. బరువు తగ్గుతున్న మనిషికి ఇంకొంచెం ఎక్కువే కావాలి. నాకు ఆవిడ పెట్టిన లెక్క రోజుకి 65 నుంచి 70 గ్రాములు.

ఎందుకంటే తగ్గే బరువంతా కొవ్వు కాదు. టిర్జెపటైడ్ మీద జరిగిన పెద్ద పరీక్షలో కొంతమందికి స్కాన్ తీసి చూస్తే తగ్గిన బరువులో ముప్పావు వంతు కొవ్వు, పావు వంతు కండ మొదలైనవి. తిండి, వ్యాయామం సలహాలతో నడిచినవాళ్ళకే ఇలా ఉందంటే, నాలా పదిహేను గ్రాముల ప్రొటీనుతో నడిపితే ఆ పావు వంతు ఎక్కడికి పోతుందో ఆలోచించండి. నాకు నవంబరు నెలాఖరుకే తెలిసింది. పచ్చడి సీసా మూత తిప్పలేకపోయాను. నేల మీద కూర్చుని ముగ్గు వేసి లేవాలంటే చెయ్యి నేలకి ఆనించాల్సి వచ్చింది, సెప్టెంబరులో 83 కిలోలున్నప్పుడు అలా లేదు. బరువు తగ్గి బలహీనపడటం అంటే ఇదే. దువ్వెనకి జుట్టు ఊడి రావడం అప్పుడే మొదలైంది.

పోనీ, ఉపవాసం గంటలు పెంచితే వేరే లాభమేదైనా ఉందా అంటే, అదీ చదివాను. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది మీద ఏడాది పాటు చూశారు. అందరూ ఒకేలా కాలరీలు తగ్గించారు, సగం మంది ఎనిమిది గంటల లోపలే తిన్నారు, మిగతావాళ్ళు ఎప్పుడైనా తిన్నారు. బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమెరికాలో 2020లో 116 మందితో 16:8 మీద చేసిన ఇంకో పరీక్షలోనూ మూడు పూటలా తిన్నవాళ్ళకంటే పెద్ద లాభం కనబడలేదు, పైగా తగ్గిన బరువులో కండ భాగం ఎక్కువగా ఉండటం వాళ్ళని ఆలోచింపజేసింది. మా గ్రూపులో రోజూ ఎవరో ఒకరు పస్తుంటే నోబెల్ బహుమతి వచ్చిన ఆటోఫేజీ (కణం తనలోని పాత భాగాలని తనే అరిగించుకోవడం) జరుగుతుంది అని పెడుతుండేవారు. బహుమతి నిజమే, 2016లో జపాన్ శాస్త్రవేత్త ఓసుమి గారికి. ఆయన అది ఎలా జరుగుతుందో కనిపెట్టింది ఈస్ట్ కణాల్లో, ఇంజెక్షన్ వేసుకుని కాలేజీలో పాఠం చెప్పే మనిషి 18 గంటలు పస్తుండాలని అందులో ఎక్కడా లేదు. ఫాస్టింగ్ చెడ్డదని నేననడం లేదు, రాత్రి తిండి మానడం నాకు మేలే చేసింది. పస్తు చేసే పని చాలావరకు మందే చేసిపెడుతోంది, దాని మీద ఇంకో పస్తు పెడితే తగ్గేది తిండి మాత్రమే.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది, డైటీషియన్, డాక్టరు గారు కలిసి పెట్టింది, నా ఒంటికి, నా మాత్రలకి సరిపోయేలా. మీది వేరే ఉంటుంది. రాత్రి ఏడున్నరకి భోజనం ముగుస్తుంది, పొద్దున ఎనిమిదిన్నరకి టిఫిన్. పదమూడు గంటలు, అందులో ఏడు నిద్రే. గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపేశారు, మెట్‌ఫార్మిన్ తిండితోనే. ఇంజెక్షన్ వేసుకున్న రోజు, ఆ తర్వాత రెండు రోజులు గంటలు లెక్కపెట్టను, ఎందుకంటే ఆ మూడు రోజుల్లోనే మందు రక్తంలో బాగా ఎక్కి ఉంటుంది, నాకు వికారం వచ్చేదీ అప్పుడే. డోసు పెంచిన నెలలో అసలు ఉపవాసమే లేదు. జనవరిలో 7.5కి మారినప్పుడు అలాగే చేశాను. జ్వరమో, విరేచనాలో, వాంతులో ఉంటే కూడా లేదు.

తిండిలో మొదట తినేది ప్రొటీనే. కొద్దిగా తినగానే నిండిపోతుంది కాబట్టి ముందు అన్నం, చారు తింటే గుడ్డుకి చోటుండదు. పొద్దున ఒక పెసరట్టు, 50 గ్రాముల పెసలవి, అందులోనే పన్నెండు గ్రాములు దాకా వస్తుంది, పక్కన రెండు ఉడికించిన గుడ్లు, ఇంకో పన్నెండు. మధ్యాహ్నం గట్టి పప్పు ఒక కప్పు, నాలుగు ముద్దల అన్నం, కూర, పెరుగు. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు. రాత్రి చేపో చికెనో వంద గ్రాములు, సోమ, శని వారాలు పనీరు లేదా మీల్‌మేకర్. ఉపవాసం విప్పేటప్పుడు మిరపకాయ బజ్జీలు, పూరీ, నూనె కారే పులిహోర ముట్టుకోను. పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి నూనె వంట గంటల తరబడి అక్కడే కూర్చుంటుంది, కుళ్ళిన గుడ్డు వాసనతో తేన్పులు, తర్వాత వాంతి. ఈ రకం మందులు వాడేవాళ్ళలో చాలామంది చెప్పేదే ఇది. దానికి తోడు వారానికి మూడు రోజులు గోడకి చేతులానించి పుషప్‌లు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రెండు లీటర్ల నీళ్ళ సీసాలు పట్టుకుని చేతుల వ్యాయామం. ముగ్గు వేసి చెయ్యి ఆనించకుండా లేవగలుగుతున్నాను, అది ఫిబ్రవరిలో వచ్చింది.

నీళ్ళు. ఈ మందుతో దాహం కూడా మందగిస్తుందని నాకు ఆ ప్యాకేజీ గంట వల్లే తెలిసింది, అందుకే దానికి ఒక మార్కు ఇచ్చాను. బెజవాడ ఎండలు మొదలయ్యాయి, ఇక్కడ నీళ్ళు తాగకుండా ‘డ్రై ఫాస్టింగ్’ చేయడమంటే కిడ్నీలతో ఆడుకోవడమే. ఉపవాసం గంటల్లో కూడా నీళ్ళు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగేస్తాను. మజ్జిగ తాగితే ఫాస్టింగ్ భంగమైనట్టే అని కోచ్ అంది. కానివ్వండి. వాంతులో విరేచనాలో అయితే మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్ఎస్ పొడి కొనండి. తియ్యటి పళ్ళరసాల డబ్బాల మీద ఆ పేరు వేసుకోవడాన్ని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ నిషేధించింది, హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్ళు పోరాడితే వచ్చిన ఫలితం అది. ఆవిడ పుణ్యమా అని ఇప్పుడు అసలైన ప్యాకెట్టు ఏదో చూసి అడగడం తెలిసింది.

మలబద్ధకం గురించి సిగ్గుపడి ఎవరూ రాయరు. తిండి తగ్గి, నీళ్ళు తగ్గి, పేగులు నెమ్మదించి, దాని మీద ఉపవాసం. నాకు అయిదు రోజులు కాలేదు ఒకసారి. ఇసబ్గోల్ నీళ్ళు ఎక్కువగా తాగితేనే పనిచేస్తుంది, లేకపోతే ఇంకా బిగుసుకుంటుంది.

కొన్ని వస్తే ఉపవాసం, యాప్, గ్రూపు అన్నీ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి. పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే తగ్గని నొప్పి, అది క్లోమం వాపు కావచ్చు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్ళు పచ్చబడటం, త్వరగా బరువు తగ్గేవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. రోజంతా నీళ్ళు కూడా నిలవకుండా వాంతులు. ఎండోస్కోపీయో ఆపరేషనో ఉంటే ఈ ఇంజెక్షన్ మీద ఉన్నట్టు మత్తు డాక్టరుకి ముందే చెప్పండి, పరగడుపున ఉన్నా పొట్టలో తిండి ఉండిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఒకప్పుడు తిండి మానేసి బాధపడినవాళ్ళు ఇలాంటి ప్యాకేజీల జోలికి వెళ్ళకండి.

దేవుడి ఉపవాసం మాటేమిటి అని మా అత్తయ్య అడిగింది. మూడో సోమవారం నుంచి పగలు పండ్లు, పాలు, ఉడికించిన పెసలు తీసుకుని రాత్రి నక్షత్రం చూశాక భోంచేశాను. ‘మందులు వేసుకునేవాళ్ళకి ఆ సడలింపు ఎప్పుడూ ఉందే అమ్మాయ్’ అని ఆవిడే అరటిపండు ఒలిచి చేతికిచ్చింది. మా కాలేజీ ఉర్దూ మేడం సెమాగ్లూటైడ్ మీద ఉన్నారు. నా సంగతంతా చూసి ఆవిడ రంజాన్‌కి ఆరు వారాల ముందే డాక్టర్ని కలిసి మాత్రల టైములు మార్పించుకున్నారు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య వాళ్ళ రంజాన్ మార్గదర్శకాల్లో కూడా ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు వెళ్ళమనే ఉందట, రోజాలో, అంటే రంజాన్ ఉపవాసంలో ఉన్నా, షుగరు 70 కంటే పడినా, 300 దాటినా విప్పేయాలని కూడా. వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా పోదని డాక్టరు గారు చెప్పాకే ఆవిడకి టెన్షన్ తగ్గింది. ఆమె ఆ నెలంతా సహర్‌లో, అంటే తెల్లవారకముందు తినే తిండిలో, రెండు గుడ్లు, పెరుగు మానలేదు.

ఇప్పుడు నా బరువు 77. మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 8.1 శాతం నుంచి 6.4కి వచ్చింది. ఇందులో ఆ 6,999 వాటా ఎంతో నాకు తెలియదు గానీ, డైటీషియన్‌కి నాలుగుసార్లు కట్టిన 2,400 రూపాయల వాటా మాత్రం ముగ్గు దగ్గర రోజూ తెలుస్తోంది. ఎవరైనా ఇలాంటి ప్యాకేజీ కడదామనుకుంటే ముందు వాళ్ళని మూడే ప్రశ్నలు అడగండి: నా మాత్రల చీటీ ఎవరు చదువుతారు, రోజుకి ఎంత ప్రొటీను తిన్నానో ఎవరు చూస్తారు, అర్ధరాత్రి నాకు షుగరు పడిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. మూడింటికీ మనిషి పేరు చెప్పగలిగితే కట్టండి.

రెండో నెలలోనే ఆపేసి, మిగిలిన డబ్బు అడిగాను. వెనక్కి ఇవ్వడం కుదరదన్నారు. పోనీ, డబ్బు వద్దు, ఆ ఫారంలో మందుల పేర్లు రాసే గడి ఒకటి పెట్టండి, గ్లిమెపిరైడ్ అని కనబడితే డాక్టరు సంతకం లేకుండా చేర్చుకోకండి అని వివరంగా రాశాను. ‘థాంక్యూ మేడం, టీమ్‌కి పంపుతాం’ అన్నారు. నిన్న మా చెల్లెలి ఫోన్‌లో ఆ ఫారం మళ్ళీ తెరిచి చూశాను. గడి ఇంకా పెట్టలేదు.